ఆ పేరు మీద ఒక్క సెంటు

డార్లా పొద్దున్నే కొట్టు తెరవడానికి వచ్చేసరికి, అద్దం మీద ఎవరో తెల్ల బూట్ పాలిష్‌తో 'పిల్లల శత్రువు' అని ఇంతింత అక్షరాలతో రాసి పోయారు. అందులో ఒక అక్షరం తప్పు.

ఆవిడ లోపలికెళ్లి తనూ ఒక పాలిష్ సీసా తెచ్చుకుంది. ఆ తప్పొక్కటీ దిద్ది, మిగతాది అలాగే ఉంచేసింది.

"తుడిచెయ్యవేమే?" అంది జోలీన్. చిన్నప్పటి స్నేహితురాలు, ఇప్పుడు కొట్లో గల్లాపెట్టె చూసుకుంటుంది.

"ఎందుకు తుడవాలి? బడికి డబ్బు కావాలని నేనూ ఒప్పుకుంటాగా. ఇదిగో, సాక్ష్యం."

బ్రెడాక్ ఊళ్లో ఏ వస్తువు కొన్నా డాలరుకి ఇంకో సెంటు పన్ను వేసి బడికివ్వాలని స్కూలు బోర్డు పట్టుబట్టింది. మంగళవారం ఓటింగు. ఏ ఇంటి ముందు చూసినా 'పిల్లల కోసం ఒక్క సెంటు' అన్న అట్టలే. 'వద్దు' అన్న అట్ట పాతింది డార్లా ఒక్కతే. రాత్రి ఎవరో పీకేసేవాళ్లు. పొద్దున ఆవిడ మళ్లీ పాతేది.

ఆ ఊళ్లో చర్చికి రాకపోతే క్షమిస్తారు గానీ, శుక్రవారం ఫుట్‌బాల్ ఆటకి రాకపోతే క్షమించరు. మూడేళ్లుగా ఆట ముఖం చూడకపోయినా డార్లాని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పన్ను సంగతి వచ్చేసరికి నోళ్లు లేచాయి. పిసినారి అన్నారు. బేరం తగ్గుతుందని ఏడుపన్నారు. సగం మంది సరుకులకి పక్క ఊరికి పోవడం మొదలుపెట్టారు.

"కొట్టు మూతపడుతుందే!" అంది జోలీన్.

"పడనీ."

సోమవారం సాయంత్రం బడి జిమ్‌లో సభ పెట్టారు. బోర్డు అధ్యక్షుడు రోజర్ టిల్లీ. ఊళ్లో పికప్ ట్రక్కులు అమ్మేదీ ఆయనే. ఆయన వెనక గోడకి, కట్టబోయే స్టేడియం బొమ్మ వేలాడదీశారు. దానికి పెట్టబోయే పేరు కూడా ఆ బొమ్మలో గుమ్మం మీద రాయించేశారు.

"తరగతి గదుల కప్పులు కారిపోతున్నాయి. అవి బాగుచేయిస్తాం. దాంతోపాటు స్టేడియం," అన్నాడు రోజర్.

డార్లా లేచింది.

"కప్పులకి రవ్వంత, స్టేడియానికి కొండంత. ఆ మాట చెప్పవేం? పాలడబ్బా కొనుక్కునే పిల్లతల్లి దగ్గరా మీకు సెంటు కావాలి. వేల ఎకరాల ఆసామి పొలం మీద పన్ను పెంచమంటే మాత్రం ఒక్కడికీ గొంతు పెగలదు."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రోజర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఊరంతా కాదన్నా నువ్వు ఔనంటావనుకున్నాం, డార్లా. కనీసం ఆ పేరు చూసైనా..."

"ట్రక్కులమ్మినట్టు ఆ పేరు చూపించి పన్ను అమ్మకు. కప్పులకి అడుగు, నా సెంటు ముందు పడేస్తా. ఆ పేరు మీద మాత్రం ఒక్క సెంటు కూడా పుట్టనివ్వను."

"ఇక చాల్లే, కూర్చోవమ్మా!" అని ఎవరో అరిచారు.

ఆవిడ కూర్చోలేదు. సభ అయిపోయేదాకా అలాగే నిలబడింది. జాలిపడితే ఒళ్లు మండేది, తిడితే ఇంకా మండేది. ఈ ఊరితో రాజీ పడే ఉద్దేశం ఆవిడకి ఏ కోశానా లేదు.

మంగళవారం జనం ఓట్లేశారు. ఇంటి ముందు 'ఔను' అట్ట పాతుకున్నవాళ్లే చాలామంది, తెర చాటుకి వెళ్లాక 'వద్దు' అన్నట్టున్నారు. వెంట్రుకవాసిలో పన్ను ఓడిపోయింది.

బుధవారం పొద్దున రోజర్ విసవిసా కొట్లోకి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. సరుకులు ఏరుకుంటున్న ఇద్దరు ముగ్గురు ఎక్కడివాళ్లక్కడే ఆగిపోయారు.

"గెలిచేశాననుకోకు. వచ్చే ఏడు మళ్లీ ఓటింగు పెట్టిస్తా. ఆ స్టేడియం కట్టి తీరతాం. దానికి ఆ పేరే పెడతాం. పేరు పెట్టేది బోర్డు, నువ్వు కాదు!"

డార్లా గల్లాపెట్టె మూసింది. ఇన్నాళ్లలో మొదటిసారి గొంతు తగ్గించింది.

"ఆ పేరు పెట్టింది నేనే రోజర్, ఆగస్టు ఎండలో మీ కోచ్ గుక్కెడు నీళ్లివ్వకుండా పరిగెత్తించి చంపిన నా కొడుక్కి."