వెయ్యేళ్ళ దీవి

"మాస్టారూ, వెయ్యేళ్ళు మొదలయ్యాక కూడా జ్వరం వస్తుందా?"

వల ముడులు వేస్తున్న తెలెస్ఫోరో మాస్టారి చేతులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూశాడు.

"ఆ ప్రశ్న ఇంకెవర్నీ అడక్కు లుదివినా."

"మా పాప మాయుమికి నాలుగు రోజులుగా ఒళ్ళు కాలిపోతోంది. ఎవర్ని అడగమంటారు?"

ఆ దీవిలో జ్వరం అనేది ఉండకూడదు. పదకొండేళ్ళ కిందట అపోలోనియో మిందనావో అనే పెద్ద దీవి నుంచి నలభై కుటుంబాలను పడవల్లో తెచ్చి ఇక్కడ దించాడు. అందరూ అతన్ని తండ్రి అనేవారు. క్రీస్తు వెయ్యేళ్ళ పాలన ఆ రోజే, ఈ ఇసుక మీదే మొదలైందని అతను ప్రకటించాడు. సాతాను గొలుసుల్లో ఉన్నాడు కాబట్టి రోగం లేదు, చావు లేదు. ఊపిరి ఆగినవాళ్ళు నిద్రపోయినట్టు. ఎవరింట్లోనైనా మందుబిళ్ళ దొరికితే వారం రోజులు పస్తు.

వెయ్యేళ్ళ చివర సాతాను కొద్దికాలం విడుదలవుతాడనీ, నమ్మినవాళ్ళనే తిరుగుబాటుకు లేపుతాడనీ, ఆ తిరుగుబాటుదారుల మీదికి ఆకాశం నుంచి అగ్ని దిగుతుందనీ తండ్రి ప్రతి ఆదివారం చదివేవాడు. ఆ ఘడియ వచ్చేసిందని ఈ మధ్య అంటున్నాడు. వెయ్యేళ్ళను కుదించడం దేవుడికి పెద్ద పనా అని అతని వాదన. కిందటేడు ఒక కుటుంబం తిరిగి వెళ్ళిపోతామంది. వాళ్ళ గుడిసె మీద అగ్ని దిగింది. ఆకాశం నుంచే దిగిందన్నారు. కిరసనాయిలు వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు.

అందుకే మాస్టారు ఆ రోజు ఆమెను ఇంటికి పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే లుదివినా మళ్ళీ వచ్చింది. చెమటతో తడిసి ముద్దయిన చిన్న గౌను ఒకటి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పాపని తండ్రి ఇంట్లో ప్రార్థన గదిలో ఉంచారు. రోజుకోసారి చూడనిస్తారు. నిన్న నన్ను గుర్తుపట్టలేదు మాస్టారూ." మొగుడు చేపల వేటకు వెళ్ళి తిరిగి రాని దగ్గర్నుంచీ ఆమెకు ఆ ఆరేళ్ళ పిల్ల తప్ప ఎవరూ లేరు. "మీరు బైబిలు బళ్ళో పాఠాలు చెప్పినవారు. అందులో నిజంగా ఏం రాసుందో చెప్పండి."

ముసలాయన ఆ గౌనును చాలాసేపు చేత్తో నిమిరాడు.

"మూడు రకాలుగా చదువుతారమ్మా. ముందు క్రీస్తు వస్తాడు, తర్వాత అక్షరాలా వెయ్యేళ్ళు ఏలుతాడంటారు కొందరు. కాదు, సువార్తతో లోకం బాగుపడి, ఆ మంచికాలం అంతా గడిచాక వస్తాడంటారు ఇంకొందరు. నాకు చదువు చెప్పినవాళ్ళు, వెయ్యి అంటే లెక్క కాదు, సిలువ నాటి నుంచి నడుస్తున్న ఈ కాలమంతా అదే అన్నారు. ఎలా చదివినా ఈ దీవి మాత్రం ఎందులోనూ లేదు."

"అంటే మనం మోసపోయామా?"

"నేను మోసపోయాను. చదువుకున్నవాడు వెళ్తున్నాడు కదా అని మీరంతా నా వెనక వచ్చారు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "బుధవారం మధ్యాహ్నం మా మేనల్లుడి చేపల పడవ దక్షిణపు ఒడ్డుకొస్తుంది. కాపలావాళ్ళు అన్నాలు తినే వేళ. ఎలాగైనా పాపని తెచ్చుకో. చీకటి పడేలోపు ఆస్పత్రిలో ఉంటారు."

లుదివినా గౌను తిరిగి తీసుకుని మడత పెట్టింది.

"మేమొక్కళ్ళమేనా? పురింగ్ అత్త కాలు కుళ్ళిపోతోంది. క్రిస్పులో పెళ్ళానికి నెలలు నిండాయి. కిందటిసారి బిడ్డ అడ్డం తిరిగి ఏమైందో చూశారుగా. ఇంకా ఎవరెవరు లోపల కుమిలిపోతున్నారో మీకే తెలుసు."

"ఎంతమందికి తెలిస్తే అంత ముప్పమ్మా."

"నేను చెబితే భయపడతారు. మీ మాటైతే నమ్ముతారు."

మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నీది పెద్ద మనసు."

ఆ రోజు లుదివినా ముద్ద ముట్టలేదు.

రెండు రోజులు ఇద్దరూ కలిసే తిరిగారు. కొబ్బరి తోటలో, బావి దగ్గర, వలలు ఆరేసే చోట. మాస్టారు మెల్లగా చెప్పేవాడు, లుదివినా పక్కన కూర్చుని వినేది. మొత్తం ఆరు కుటుంబాలు సరేనన్నాయి. పురింగ్ అత్తయితే ఎగిరి గంతేసినంత పని చేసింది.

"నా కాలికి వేరే పడవ మాట్లాడండి. దీని కంపుకి వల్లో పడ్డ చేపలు కూడా దూకి పారిపోతాయి!"

అందరూ నోళ్ళు మూసుకుని నవ్వారు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

బుధవారం మధ్యాహ్నానికి ఒడ్డున కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో అందరూ చేరారు. ఆకులతో కట్టిన షెడ్డు అది, ఒకటే తలుపు. క్రిస్పులో పెళ్ళాం పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది. మాస్టారు అన్నం పొట్లాలు, ఎండుచేపలు పంచుతున్నాడు. పడవ ఇంకా కనబడలేదు.

"పాపేదమ్మా?"

"ఇప్పుడే తీసుకొస్తాను."

"నేనూ తోడు రానా?"

"వద్దు మాస్టారూ. మీరు వీళ్ళ దగ్గరే ఉండండి. ఎవర్నీ బయటికి రానివ్వకండి."

"అక్కా, పాపకి నా పక్కన చోటుంచుతాను," అంది క్రిస్పులో పెళ్ళాం.

లుదివినా వెనక్కి తిరిగి చూడలేదు. ఎండలో కొండ ఎక్కింది. తండ్రి ఇంటి మెట్ల మీద కాపలావాళ్ళు అన్నం తింటున్నారు. తలెత్తి చూశారు గానీ ఆపలేదు. వరండాలో అపోలోనియో మామిడిపండు కోసుకుంటున్నాడు. తెర వెనక నుంచి మాయుమి మూలుగు వినబడుతోంది.

"ఆరు కుటుంబాలు తండ్రీ, మాస్టారితో సహా అందరూ కొబ్బరి షెడ్డులోనే ఉన్నారు, మీరు మాటిచ్చినట్టు ఇక నా బిడ్డని ఆస్పత్రికి పంపండి," అంది లుదివినా.