ఎర్ర స్టిక్కర్

ఎర్ర స్టిక్కర్‌ను వీధంతా చూసేలా తలుపు మీద అరచేత్తో చరిచి మరీ అంటించింది నర్సు. నిరుడు అమ్మకు జ్వరమొస్తే, అద్దెకున్న తమను పరుపుతో సహా వీధిలోకి గెంటింది ఈ ఇంటావిడే.

"పద్నాలుగు రోజులు గడప దాటకూడదు. అంటుజ్వరం! మీకు చెప్పాలా?"

మంచం మీంచి మూలుగు వినిపించింది.

"ఈ మూడ్రోజుల్లో ఎవరెవరొచ్చారు? వాళ్లిళ్లకీ అంటించాలి."

"నా దగ్గరికెవరొస్తారే? పక్కింటివాళ్లే తొంగి చూళ్లేదు."

తగిన శాస్తి అనుకుంటూ నర్సు, స్టిక్కర్ అంటించాల్సిన ఇళ్ల నంబర్లు రాసుకునే కాగితం మడవబోయింది.

"ఒక్కావిడ మాత్రం రోజూ వచ్చి నీళ్లు తాగించి పోతోంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఎవరు?"

"మీ అమ్మ."

నర్సు కాగితం మళ్లీ విప్పింది. మొదటి గడిలో తన ఇంటి నంబరు రాసుకుంది.