గంపలో మిగిలిన గుడ్డు

పొద్దు గూకేసరికి గంపలోని బుల్లి కోడిపిల్ల తల్లి రెక్క కిందికి దూరింది.

"అమ్మా, సూర్యుడు మనల్ని వదిలేసి పోయాడే!"

"ఎక్కడికీ పోలేదే పిచ్చిదానా," అంది తల్లికోడి. "తిరిగేది భూమి. మనమున్న పక్క ఇప్పుడు అవతలికి మళ్ళింది, అంతే. నువ్వు గుడ్డులో ఉన్నప్పుడు నేను ముక్కుతో తిప్పేదాన్ని. ఒక పక్క వెచ్చబడితే రెండో పక్క చల్లబడేది. మళ్ళీ తిప్పేదాన్ని."

"మరి భూమి తిరగడం మర్చిపోతే?"

"నేనెప్పుడైనా నిన్ను తిప్పడం మర్చిపోయానా?"

పిల్ల రెక్క కిందినుంచి మెడ సాచింది. తోబుట్టువులంతా బయటికొచ్చాక కూడా గంప అంచున పగలకుండా మిగిలిపోయిన ఒక్క గుడ్డు వైపే చూస్తోంది. తల్లి కూడా అటే చూసింది.

కాసేపటికి లేచి వెళ్ళి, ఆ గుడ్డును ముక్కుతో మెల్లగా మళ్ళీ తిప్పింది.