తొమ్మిదో పూజ

ఫాదర్ ముందు చెప్పడానికి నోరు రాక, గుడి లెక్కలు చూసే మీకు ఈ కార్డు రాస్తున్నాను.

నాకు యాభై ఏళ్లు నిండాక ప్రార్థన పుస్తకం వెనక రాసుకున్నాను: పడవ ఇంజను బాగుచేయడం, నక్షత్ర దీపం కట్టడం నేర్చుకోవాలి; ఒక్కదాన్నే ఎదుటి దీవికి వెళ్లి, పదకొండేళ్లుగా మాటల్లేని మిలాగ్రోస్ అక్కను పలకరించాలి.

క్రిస్మస్‌కు ముందు తొమ్మిది వేకువ పూజలూ తప్పకపోతే కోరిక తీరుతుందని ఫిలిప్పీన్స్‌లోని మా విసాయా దీవుల్లో నమ్మకం. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదో వేకువన గంట మోగినా కాళ్లు గుడివైపు పోలేదు. నేను కట్టిన దీపం పడవలో పెట్టుకుని ఇంజను తిప్పాను.

అవతలి ఒడ్డున అక్క తన పడవను నీళ్లలోకి తోస్తోంది.

“పూజ ఎగ్గొట్టావటే? ఇక నీ కోరిక తీరినట్టే!”

“మరి నువ్వో?”

“నావీ ఎనిమిదే. నీ దగ్గరికే బయల్దేరాను.”

ఈ కార్డు దాచండి. ఫాదర్‌కి మాత్రం చూపించకండి.