ఎంగిలి కీ

“ఈ కీ ఇదివరకే వాడేశారు.”

స్క్రీన్ మీద ఎర్రక్షరాలు పడగానే డ్రాయింగ్ టీచరు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

“మళ్లీనా?” అన్నాడు భర్త.

“మళ్లీనే! చేపల ఆట పోయింది, రైళ్ల ఆట పోయింది, ఇప్పుడు తోట ఆట. గెలిచేది నేను, ఆడేది ఇంకెవరో!”

ఆన్‌లైన్‌లో ఆటలు ఉచితంగా పంచే పేజీ ఒకటుంది. లాటరీలో పేరు వచ్చినవాళ్లకి ఒక కీ పంపుతారు. అక్షరాలూ అంకెలూ కలగలిసిన ఆ కీని కంప్యూటర్లో కొడితే ఆట తెరుచుకుంటుంది. ఒక కీ ఒక్కరికే. టీచరుకు లాటరీలో అదృష్టం దండిగానే ఉంది. దరిద్రమంతా ఆ తర్వాతే.

“పోనీలే అమ్మాయ్,” పక్కగదిలోంచి అత్తగారు ఓదార్చారు. “నీది కలిసొచ్చే చెయ్యి. ఇంకోటి తగలకపోదు.”

రెండు గదులకీ మధ్య ఉన్నది ఒక్క కర్టెనే. కోర్టులో టైపిస్టుగా పనిచేసి రిటైరైన ఆవిడ, కొడుకు పాత ల్యాప్‌టాప్‌లో పాత పాటలు పెట్టుకుని కాలక్షేపం చేస్తుంటారు. కోడలి ఆటల గొడవలో ఎప్పుడూ తలదూర్చరు.

టీచరు చూపు భర్త మీద ఆగింది.

“నన్నెందుకలా చూస్తావు?”

“నా మెయిలు మీ ఫోన్లో కూడా తెరుచుకుంటుందిగా.”

“ఆటలాడే తీరికే ఉంటే ఒళ్లంతా గ్రీజు పూసుకుని లిఫ్టులు బాగుచేస్తూ ఎందుకు తిరుగుతాను?” అన్నాడతను. అయినా ఆమె పాస్‌వర్డు మార్చేసింది. అతను ముఖం మాడ్చుకుని, ఆ పూట కూరలో ఉప్పు తగ్గిందని కూడా చెప్పకుండా తినేశాడు.

తరవాత వచ్చిన పడవల ఆట కీ కూడా అలాగే పోయింది. దాంతో అనుమానం పేజీ నడిపేవాడి మీదికి మళ్లింది. “ఇక్కడ పంచేవన్నీ ఎంగిలి కీలే. ముందు వీళ్లు ఆడుకుని, తర్వాత మన ముఖాన కొడతారు” అని అతని పేజీలోనే రాసిపడేసింది. కింద అడ్డమైనవాళ్లూ వచ్చి తలో రాయీ వేశారు.

సెలవు రోజు మధ్యాహ్నం పేజీవాడే ఫోన్ చేశాడు. గొంతు బట్టి చూస్తే కుర్రాడు.

“అక్కా, మీ మాట పట్టుకుని జనమంతా నన్ను దొంగని చేసేశారు. దయచేసి తీసెయ్యండక్కా.”

“పనిచేసే కీ ఒకటివ్వు, తీసేస్తాను.”

“ఇస్తాను. గుర్రాల ఆట. ఇది మెయిల్లో వచ్చింది కాదు, కంపెనీ పంపిన కార్డు. ఇప్పుడు మీరు వింటుండగానే గీకుతాను. అంతవరకూ అందులో ఏముందో నాకే తెలీదు.”

టీచరుకు ఈ పద్ధతి నచ్చింది. ఫోను స్పీకర్లో పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. “ఏమండీ, మీరు ఎదురుగా కూర్చోండి. రెండు చేతులూ కనబడాలి.”

“మెడలో పలక కూడా వేలాడదీస్తావా?” అంటూనే భర్త చేతులు చాపి కూర్చున్నాడు.

పక్కగదిలో పాట ఆగిపోయింది. “మీకు సరిగ్గా వినబడదేమోనని కట్టేశాను,” అన్నారు అత్తగారు.

“థాంక్సండీ అత్తయ్యా.”

ఫోన్లో గరగరమని గీకిన చప్పుడు. “రాసుకోండక్కా. డి.”

“బి?”

“డి అక్కా. డప్పులో డి.”

“డప్పులో డి,” అంటూ టీచరు ఒక్క వేలితో కొట్టింది. బోర్డు మీద రాసేది పైకి చదవడం అలవాటైన మనిషి. ఇంట్లోనూ అంతే.

“తరవాత బి. బంతిలో బి. తొమ్మిది. పి.”

“టి?”

“పిల్లిలో పి!”

“బంతిలో బి, తొమ్మిది, పిల్లిలో పి...”

డప్పులూ పిల్లులూ దాటుకుంటూ ఎలాగో చివరికి చేరారు. టీచరు బటన్ నొక్కబోతుంటే లోపల్నుంచి అత్తగారి గొంతు. “అమ్మాయ్, తొందరపడకు. తప్పు పడితే అంతా వృథా. ఒకసారి మొత్తం గట్టిగా చదివి సరిచూసుకో.”

“అదీ నిజమే,” అన్నాడు పేజీవాడు.

టీచరు మొదటినుంచీ చివరిదాకా ఒక్కో అక్షరం విడమరిచి చదివింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని బటన్ నొక్కింది.

“ఈ కీ ఇదివరకే వాడేశారు.”

భర్త తన చాపిన చేతులకేసి చూసుకుని, ఇప్పుడు దించొచ్చా అన్నట్టు భార్యకేసి చూశాడు.

“ఒట్టక్కా,” ఫోన్లో కుర్రాడు దాదాపు ఏడుస్తున్నాడు, “గీకిన గీకుడు పొడి ఇంకా నా గోటిలోనే ఉంది!”

టీచరు మనసు కరిగింది. “ఏడవకు బాబూ. తప్పు నీది కాదు, ఆ ఆటల కంపెనీదే. ఎంగిలి కార్డులు అమ్ముకుంటున్నారు ముదనష్టపువాళ్లు. నేను రాసింది ఇప్పుడే తీసేస్తాను.” తీసేసింది కూడా. క్షమాపణ కూడా రాసింది. ఆ తర్వాత భర్త వైపు తిరిగి, “మిమ్మల్ని అనవసరంగా అనుమానించానండీ,” అంది.

“ఒక్క కాఫీతో మర్చిపోతాను,” అన్నాడతను చేతులు దులుపుకుంటూ.

అత్తగారు కర్టెన్ పక్కకి జరిపి తల బయట పెట్టారు. ముఖంలో ఎంత జాలో!

“నాకూ ఓ గుక్క పోయమ్మా. దిగులుపడకు. వచ్చే లాటరీలో విమానాల ఆటట కదా, దానికీ పేరివ్వు.”

“మీరున్నారు కాబట్టి సరిపోయింది అత్తయ్యా. లేకపోతే ఎప్పుడో మానేసేదాన్ని,” అంటూ టీచరు వంటింట్లోకి నడిచింది.

కర్టెన్ వెనక, అత్తగారి ల్యాప్‌టాప్‌లో మొదటి గుర్రం పరుగందుకుంది.