నాలుగో తలుపు

"ఆ తలుపు జోలికి వెళ్ళకు. అది అన్నయ్య విప్పుతాడు."

తండ్రి మాటకి చిన్నోడి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఎవరు విప్పితే ఏంటి నాన్నా? మూడు విప్పినవాణ్ణి నాలుగోది విప్పలేనా?"

"చెప్పింది విను. నువ్వు ఆ మూడింటినీ గరుకు కాగితంతో రుద్దు."

ఇంటి ముందు షెడ్డులో పాత కారు నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని ఉంది. తలుపుల లోపలి ప్లాస్టిక్ పలకలు ఎండకి తెల్లబారి, గీతలు పడి, అసహ్యంగా తయారయ్యాయి. వాటికి రంగు వేయాలని వారం నుంచి పెద్దాయన ఒకటే పోరు. మెకానిక్‌కి ఇద్దామంటే ససేమిరా అన్నాడు. ఇద్దరు కొడుకులూ కలిసి తన కళ్ళముందు చేయాల్సిందేనట.

ఇద్దరూ కలిసి అంటే మాటలా! అన్నదమ్ములు ఎదురుపడి ఏడాది దాటింది.

ఆ గొడవ ఈ కారులోనే మొదలైంది. తల్లికి ఊపిరి అందకపోతే ఇందులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గాలి కావాలంటే అద్దం దించారు. ఆవిడ వెనక సీట్లో ఎడమ తలుపుకి తల ఆనించుకుంది, చిన్నకోడలు చేయి పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో నగలు తీసేయమంటే తీసింది కూడా ఆ అమ్మాయే. తల్లి ప్రాణాలతో బయటికి రాలేదు. కోడలు చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చిన నగల్లో ఎర్రరాయి దుద్దు ఒక్కటే ఉంది. సీట్లు ఎత్తారు, మ్యాట్లు దులిపారు. రెండోది కనబడలేదు.

"రెండు చెవులున్న మనిషికి ఒక్క దుద్దేంటి?" అన్నాడు పెద్దోడు, పదిమందిలో.

ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకోలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. మిగిలిన ఆ ఒక్క దుద్దునీ పెద్దాయన చిన్న డబ్బాలో దూది మీద పెట్టి బీరువాలో దాచేశాడు. భార్య పోయిన దుఃఖం ఒకెత్తు, ఆఖరి గడియల్లో ఆమె చేయి వదలని పిల్ల దొంగ అనిపించుకోవడం ఒకెత్తు. ఆ రెండో బాధే ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు.

ఇవాళ కూడా చిన్నకోడలు మొగుణ్ణి దింపి గేటు బయటే స్కూటర్ మీద కూర్చుంది. పెద్దాయన స్వయంగా వెళ్ళి పిలిచాడు. "పర్లేదు మావయ్యా, ఇక్కడ నీడ బాగుంది" అంది. అక్కడ నీడా లేదు, పాడూ లేదు.

పెద్దోడు లోపలి నుంచి వచ్చాడు. తమ్ముడి వైపు చూడలేదు.

"దుప్పటి పరిచావేంటి నాన్నా? ఇంకా రంగు డబ్బా మూతే తీయలేదు."

"స్క్రూలు పడితే కనబడొద్దూ? ఆ నల్లనేల మీద నా కళ్ళకి ఏం కనబడి చస్తుంది?"

"ఈ ఒక్క తలుపుకే ఎందుకో దుప్పటి!"

"నీ వంకలకేం గానీ, ముందు విప్పు."

పెద్దోడు ఆ వెనక ఎడమ తలుపు పిడి దగ్గర స్క్రూలు తీశాడు. కింది నుంచి క్లిప్పులు ఒక్కొక్కటే ఊడదీశాడు.

"మెల్లగా రా! క్లిప్పు విరిగిందంటే ఇక కారు నడిచినంతకాలం లొడలొడే."

పలకని అద్దం సందులోంచి పైకెత్తి లాగాడు. దుమ్ము, తుప్పు పట్టిన ఒక హెయిర్‌పిన్ను జలజలా దుప్పటి మీద పడ్డాయి. వాటి వెనకే ఇంకోటి పడింది. పెద్దోడు పలకని పక్కకి నెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాన్నా... అమ్మది."

చిన్నోడు గరుకు కాగితం పారేసి వచ్చాడు. ముగ్గురూ వంగి చూశారు. అదే ఎర్రరాయి. వెనక బిగించే శీల మాత్రం లేదు.

"శీల వదులైందని మీ అమ్మ అంటూనే ఉండేది" అన్నాడు తండ్రి.

పెద్దోడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇన్నాళ్ళూ మట్టిలో ఉండి కూడా ఎలా మెరుస్తోందో చూడు నాన్నా!"

"మంచి బంగారం అంతే. నాకెందుకు చూపిస్తావు? చూపించాల్సినవాళ్ళు గేటు బయట ఉన్నారు."

పెద్దోడు దుమ్ము చేతులతోనే గేటు దాకా నడిచాడు. అరచేయి చాపాడు.

"తలుపులో ఉందమ్మా. నేనన్న మాటకి... నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

చిన్నకోడలు స్కూటర్ దిగి దాన్ని చూసింది. ఏడాది కిందట రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"ఆ అద్దం దించింది నేనే బావగారూ. మీరు అన్నారని కాదు, నేనే ఎక్కడో పారేశానేమోనని రోజూ చచ్చిపోయేదాన్ని."

"ఇక చాల్లే తల్లీ" అన్నాడు వెనకే వచ్చిన మావగారు. "లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగు."

ఆమె వచ్చింది. సాయంత్రం దాకా నలుగురూ పనిలో పడ్డారు. తమ్ముడు పలకలు తడిగుడ్డతో తుడిస్తే అన్న రంగు కొట్టాడు.

"పల్చగా అన్నయ్యా! ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది."

"నువ్వు నాకు నేర్పుతున్నావురా?" అని పెద్దోడు నవ్వాడు. నవ్వుతూనే భుజంతో కళ్ళు తుడుచుకుని, జేబులోంచి దుద్దు తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

"నాన్నా, ఆ జత ఇక మరదలిదే. రెండోదీ తీసుకురా, ఇప్పుడే ఇచ్చేద్దాం."

పెద్దాయన దుద్దుని గుప్పెట్లో బిగించాడు.

"నేను పోయాక తీసుకోమను. అందాకా ఆ డబ్బా ముట్టుకునే హక్కు నాదే. ముందు ఆ రంగు ఆరేదాకా చూసుకోండి."

ఆయన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బీరువా తెరిచి, చిన్న డబ్బా మూత తీశాడు.

దూది మీద దుద్దు లేదు, దాని శీల ఒక్కటే ఉంది.