చేతులెత్తిన బడి

"తెలిస్తే కుడిచెయ్యి, తెల్వకుంటే ఎడమచెయ్యి. మేడం అడిగినప్పుడు ఒక్క చెయ్యి గూడ కింద ఉండొద్దు. సమజైందా?" దేవసహాయం సారు మరోసారి చెప్పాడు.

"సమజైంది సార్!"

సమజవకేం? ఏ తనిఖీ వచ్చినా ఆ బడిలో ఇదే తంతు. ఐదు తరగతులకూ ఆయనొక్కడే సారు. ఆ ఒక్కణ్నీ ఓట్ల పనికీ సర్వేలకూ పిలుచుకుపోతే ఎక్కాలు ఎవరు చెబుతారని అడిగే నాథుడు లేడు. పిల్లలకు చదువు రావట్లేదేమని మాత్రం అందరూ అడుగుతారు. ఆ చేతుల అలవాటు పిల్లలకు ఎంత ముదిరిందంటే, మధ్యాహ్నం అన్నం తింటూ ప్రవళిక ఇక వద్దని ఎడమచెయ్యి ఎత్తితే చాలు, వంట చేసే కమలవ్వ చారు గరిటె వెనక్కి తీసుకునేది.

మండల విద్యాధికారి నవనీత కారు దిగుతూనే విషయం చెప్పింది. ఈ బడిని మూసి, పిల్లల్ని వాగవతలి పెద్ద బడిలో కలుపుతారట.

"అక్కడ తరగతికో టీచర్ ఉన్నది, కంప్యూటర్లున్నయ్. వీళ్లకు మంచి చదువొద్దా సార్?"

"వద్దని ఎవరంటరు మేడం? ఆ టీచర్లల్ల ఒక్కల్ని ఇటు పంపుండ్రి."

"అది నా చేతుల లేదు."

"వానకాలం వాగొస్తే అటు పోవుడెట్ల? గా ప్రవళికను చూడుండ్రి, చేతికర్ర లేంది నడువది. ఇల్లు పక్కకే ఉన్నది గాబట్టి బడికొస్తుంది."

"ఆటో పెట్టిస్తం."

"పోయినేడు పక్కూరోళ్లకు గూడ గట్లనే చెప్పిండ్రు. ఆటో రాలే. ఆడపిల్లలు పత్తి ఏరవోతున్నరు."

నవనీత చెడ్డ మనిషి కాదు. పైవాళ్లు చెప్పిన పని మోసుకొచ్చింది, అంతే.

"ముందైతే పిల్లల చదువు చూద్దాం. బాగుంటే నేనే పైకి రాస్త," అంది.

ఆమె పిల్లల వైపు తిరిగింది.

"ఏడెనిమిదులెంత?"

చేతులన్నీ లేచాయి. సారు ఒకసారి పరకాయించి చూసి, "అరుణ్, నువ్వు చెప్పు," అన్నాడు.

"యాభై ఆరు!"

ఏడాదికెన్ని నెలలో, సూర్యుడు ఎటు పొడుస్తాడో అడిగింది. ప్రతిసారీ చేతులన్నీ లేచాయి. సారు లేపిన పిల్లలంతా తడుముకోకుండా చెప్పారు. నవనీత ముఖం విప్పారింది. బడి నిలబడిందనుకుని దేవసహాయం నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నిజంగ మెచ్చుకోవాలె సార్. ఇంత హుషారు పిల్లల్ని గీ ఒక్క గదిల కూసోబెట్టుడు అన్యాయం. పెద్ద బడికి పోతే ఎక్కడికో పోతరు."

"మేడం, అది గాదు..."

"పిల్లల ఇష్టం గూడ వీడియో తీసి పంపమన్నరు." ఆమె సెల్‌ఫోన్ బయటికి తీసింది. "పిల్లలూ, వాగవతలి పెద్ద బడికి పోవుడు మీకు ఇష్టమేనా?"

క్షణం ఆలస్యం లేదు. చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ప్రవళికైతే కర్రను కుడిచేతికి మార్చుకుని మరీ ఎత్తింది.

"చూసిన్రా సార్? మీరే ఊకె పరేషానైతున్నరు. ఒక్క చెయ్యన్న కింద ఉన్నదా?"

దేవసహాయం నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే చాలు. కానీ అది చెప్పాలంటే ఇన్నేళ్ల తనిఖీల సంగతంతా చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

నవనీత ఫోను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. కారు చప్పుడు వాగు దాటింది. సారు దించమనలేదని పిల్లలు ఇంకా చేతులెత్తే ఉన్నారు, ఆయన్నే చూస్తూ.

లేచినవన్నీ ఎడమచేతులే.